ఏం మారింది?

“నా పడవను బండకేసి కొట్టినప్పుడే నోరు విప్పలేదు నువ్వు. ఇవాళ విప్పుతావా టిపెనె బావా?” అన్నాడు మటియు, చేతికర్ర నేలకు ఆనించి.

తెగవాళ్లంతా కూడే మరాయె సభామందిరంలో అందరూ నవ్వారు. టిపెనె నవ్వలేదు. కొత్త కోటు వేసుకుని నడుమ పడుకునే ఉన్నాడు. పక్కన చాప మీద భార్య మెరేయానా, తలకు ఆకుల దండ చుట్టుకుని, కదలకుండా కూర్చుంది. మటియు మాట ముగిశాక ఆడవాళ్లు పాట అందుకున్నారు. పాట అయ్యాక ఇంకొకాయన లేచి టిపెనెనే దెప్పడం మొదలుపెట్టాడు.

టిపెనె కూతురు కిరి గోడవార లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉంది. జరిగేది విని అర్థం చేసుకునే ప్రోగ్రాం రాసింది ఆమె. అది విన్న ప్రతిదాన్నీ కథలా చూస్తుంది. ఎవరికేం కావాలి, ఏది అడ్డొచ్చింది, చివరికేం మారింది అని వెతుకుతుంది. బడిలో కథ చెప్పాక టిపెనె పిల్లలను అడిగే ప్రశ్నలే అవి.

“నేను నడుమ ఉన్న రోజున దాన్ని తెచ్చి కూర్చోబెట్టు. నా పాఠం దానికి వచ్చిందో లేదో తేలిపోతుంది” అని ముందే చెప్పి ఉంచాడాయన. పెద్దలనూ అప్పుడే ఒప్పించాడు. దానికి ఆ పాఠం రాకపోతే ఈ పని ఇక వదిలేద్దామని కిరి అనుకుంది.

తెర మీద జవాబు వచ్చింది: “బంధువులకు టిపెనె మీద కోపం. ఆయన లేచి జవాబు చెబుతాడు.”

“ఏమంటోందే?” అంది మెరేయానా.

“నాన్న లేస్తాడట.”

“పాపం, మీ నాన్న సంగతి దానికేం తెలుసు.”

కిరి లాప్‌టాప్ మూసేయబోయింది. అంతలో భోజనాల గంట మోగింది. ఒకరినొకరు పిలుచుకుంటూ అందరూ లేచారు. టిపెనెను ఎవరూ పిలవలేదు. మెరేయానా మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

పాత జవాబు చెరిగిపోయింది. కొత్తది మెల్లగా వచ్చింది. “అందరూ ఆయన్నే అడుగుతున్నారు. జవాబు కోసం ఎవరూ ఆగడం లేదు. అన్నానికి పిలవలేదు. ఇది కోపం కాదు, వీడ్కోలు.” దాని కింద ఇంకొక్క వాక్యం.

కిరి తెరను తల్లి వైపు తిప్పింది. మెరేయానా చదివి, భర్త కోటు కాలరు సరిచేసి, చెవి దగ్గర వంగింది.

“విన్నావా మాస్టారూ? నీ పాఠం దానికి వచ్చేసింది.”

తెర మీద ఆ వాక్యం అలాగే ఉంది.

“మారింది ఇదీ: టిపెనె చనిపోయాడు.”