పెద్దాయనకు తోడు

పోటీకి ఇంకా మూడు రోజులుంది. దర్జీ కొట్లో జోకులకు మాత్రం అంతు లేదు.

ట్రయథ్లాన్ అంటే ముందు చెరువులో ఈత, తర్వాత సైకిలు, ఆపైన పరుగు. వెళ్తున్నది దర్జీతో కలిపి ముగ్గురు. ముగ్గురికీ నలభై దాటాయి, ముగ్గురికీ పొట్టలున్నాయి. పోటీలో వేసుకునే బిగుతు బట్టలు దర్జీయే కుడుతున్నాడు.

లెక్కల మాస్టారు నడుం కొలత ఇవ్వడానికి ఊపిరి బిగబట్టారు. ఆ ఊపిరేదో చెరువులో పనికొస్తుంది, ఇక్కడ వదిలేయండని దర్జీ టేపు వదులు చేశాడు.

మందుల షాపు మూసేసి మరీ వచ్చిన దర్జీ బావమరిది, స్టూలు మీద కూర్చుని ఈత ఎలా మొదలవుతుందో వర్ణిస్తున్నాడు. బూర మోగగానే రెండొందల మంది ఒక్కసారిగా నీళ్ళలో పడతారట. బస్సు రాగానే సీటు కోసం ఎగబడ్డట్టే ఉంటుందట. ఎవడి మడమ ఎవడి ముక్కు మీద పడుతుందో దేవుడిక్కూడా తెలియదట. మాస్టారిని కట్టుడు పన్ను ఇంట్లోనే పెట్టి రమ్మని సలహా ఇచ్చాడు.

"మా బావకు ఏ బాధా లేదు. ఆయన నీళ్ళలో దిగేసరికి మనం ఇంటికెళ్ళి స్నానాలు కూడా చేసేసి ఉంటాం."

అందరికన్నా గట్టిగా నవ్వింది దర్జీయే. నవ్వకపోతే దొరికిపోతాడు.

పోయినేడు బూర మోగగానే అతను మోకాలి లోతు నీళ్ళలోంచి వెనక్కి వచ్చేశాడు. పిక్క పట్టేసిందని చెప్పాడు. వాళ్ళు నమ్మారు. బావమరిది పాపం కింద కూర్చుని మందు కూడా రాశాడు.

నిజం భార్య ఒక్కదానికే తెలుసు. ఒంటరిగా అయితే ఎంత దూరమైనా ఈదుతాడు. చుట్టూ మనుషులు కమ్ముకుంటే చాలు, ఊపిరాడదు.

ఈసారి కూతురు బడిలో అందరికీ మా నాన్న చెరువు ఈదుతాడని చాటేసింది. మళ్ళీ వెనక్కి వస్తే ఆ పిల్ల మొహం ఎలా చూడాలా అని అతనికి నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు.

పోటీ రోజు పొద్దున్నే చెరువు మీద మంచు పట్టింది. మాస్టారూ బావమరిదీ హుషారుగా ముందు వరసలోకి దూరారు. దర్జీ అందరికన్నా వెనక, ఒక చివర నిలబడ్డాడు. కాళ్ళు ఇంటివైపే లాగుతున్నాయి.

అప్పుడే ఒక పెద్దాయన వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. అరవై పైబడ్డ మనిషి. తలమీద అందరికీ ఇచ్చిన పసుపు టోపీయే. చేతులు చంకల్లో పెట్టుకుని గజగజ వణుకుతున్నాడు.

"బాబూ, మీకు ఈత బాగా వచ్చనుకుంటాను. మీ పక్కనే వస్తాను, కాస్త చూసుకుంటారా?"

దర్జీకి తనకే దిక్కు లేదు. అయినా ఆ వణుకు చూసి కాదనలేకపోయాడు.

"రండి పెద్దాయనా. నేనున్నాగా."

మాట ఇచ్చేశాక ఇక పారిపోయేదెక్కడికి?

బూర మోగింది. ముందు జనాన్ని పోనిచ్చి, పది లెక్కపెట్టాక దిగుదామని దర్జీ చెప్పాడు. ఇద్దరూ పైకే లెక్కపెట్టారు. ఇద్దరూ దిగారు.

సగం దూరం బాగానే సాగింది. మలుపు దగ్గర జనం మళ్ళీ గుంపు కట్టారు. ఎవరిదో కాలు దర్జీ భుజానికి తగిలింది. ఇంకెవరిదో మోచెయ్యి మొహం మీదికి వచ్చింది. ఊపిరాడలేదు. ఇక తనవల్ల కాదని, కాపలా పడవను పిలవడానికి చెయ్యెత్తబోయాడు.

"బాబూ, ఊపిరి అందడం లేదు. కాస్త ఆగుదామా?"

పక్కనుంచి పెద్దాయన గొంతు. ఎత్తబోయిన చెయ్యి ఆయన వీపు కిందికి వెళ్ళింది.

"వెల్లకిలా తిరగండి. ఆకాశం చూడండి. మెల్లగా వదలండి ఊపిరి. ఇదిగో, నాలాగా."

చూపించడం కోసం తనూ వెల్లకిలా తిరిగాడు. ఆయన కోసమే మెల్లగా ఊపిరి వదిలాడు. నాలుగైదు సార్లు వదిలేసరికి పెద్దాయన కుదుటపడ్డాడు. దర్జీ కూడా కుదుటపడ్డాడు గాని, ఆయన గొడవలో పడి ఆ సంగతి గమనించుకోలేదు.

ఒడ్డెక్కాక పెద్దాయన అతని రెండు చేతులూ పట్టుకుని, మీరు లేకపోతే ఈ రోజు నా పని అయిపోయేదన్నాడు. దర్జీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ప్రేమకొద్దీ నాలుగు చీవాట్లు పెట్టాడు. ఈ వయసులో నీళ్ళతో ఆటలేమిటని, ఇంట్లోవాళ్ళు అసలెలా పంపారని, వచ్చే ఏడు రావాలనుంటే ముందు ఎవరి దగ్గరైనా ఈత శుభ్రంగా నేర్చుకోమని. పెద్దాయన బుద్ధిగా తలూపాడు.

తర్వాత సైకిలెలా తొక్కాడో, ఎలా పరుగెత్తాడో దర్జీకి గుర్తే లేదు. ముగింపు గీత దాటేసరికి కూతురు వచ్చి మెడకు వేలాడింది. బావమరిది ఏదో జోకు వెయ్యబోయి, వెయ్యలేక, గట్టిగా వాటేసుకున్నాడు.

ఒక మనిషిని దగ్గరుండి ఒడ్డుకు చేర్చానని దర్జీ చెబితే మాస్టారూ బావమరిదీ నమ్మలేదు. ఆయన్నే చూపిస్తానని వాళ్ళను చెరువు దగ్గరికి లాక్కెళ్ళాడు.

అక్కడ ఒకమ్మాయి పసుపు టోపీలు ఏరి బుట్టలో వేస్తోంది. దర్జీ ఆనవాళ్ళన్నీ చెప్పి, పాపం ఆయనకు ఈత అంతంతమాత్రమని, సైకిళ్ళ దగ్గర కూడా కనపడలేదని, ఒంట్లో ఎలా ఉందోనని కంగారుగా అడిగాడు.

ఆయన వెళ్ళిపోయి గంట దాటిందని చెప్పి, ఆ అమ్మాయి నవ్వింది.

"ఆయన పోటీకి వచ్చినవారు కాదండీ, మా కాపలా పడవల్లో ఉండే గజ ఈతగాళ్ళందరికీ గురువు; ఏటా ఒడ్డున అందరికన్నా ఎక్కువ భయపడుతున్నది ఎవరో చూసుకుని, వాళ్ళ పక్కకెళ్ళి వణుకుతారు."