పెద్ద ఈరన్న

బసవరాజ్ ముత్తాత పేరు చిన్న ఈరన్న. అంటే ఆయనకు పెద్ద ఈరన్న అనే అన్న ఒకాయన ఉండి తీరాలి. ఏటా పెద్దల అమావాస్యకు ఇంట్లో ఇద్దరి పేరునా కొత్త పంచెలు పెడుతూనే ఉన్నారు. కానీ పత్తికొండ చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ పెద్దాయన వారసులు దొరకలేదు. బసవరాజ్ రాస్తున్న వంశవృక్షంలో ఆ గడి ఖాళీగానే ఉంది.

ఇక మిగిలింది అవ్వ గిడ్డమ్మను అడగడమే.

"పెద్ద ఈరన్న ఎద్దు కదప్పా," అంది అవ్వ, చెనక్కాయలు ఒలుస్తూ. "మా మామ, అదే నీ ముత్తాత, పుట్టేతలికే అది ఇంట్లో ఉండె. ఇద్దరికీ ఈరన్న సామి పేరే పెట్టినారు. ముందొచ్చినోడు పెద్దోడు."

"ఎద్దుకు పంచె ఎందుకవ్వా?"

"సచ్చిపోయిన మనిషికి మాత్రం ఎందుకు? ఇద్దరిలో ఎవురూ కట్టుకునేది ల్యా."

బసవరాజ్ పెన్నుకు మూత పెట్టేశాడు.

"కరువులో దాన్ని అమ్మి జొన్నలు తెచ్చుకున్యారంట. ఆ జొన్నలతోనే ఇంటిల్లిపాదీ బతికిరి. మా మామకు అప్పటికింకా పాలపండ్లు కూడా ఊడల్యా."

బసవరాజ్ మళ్లీ మూత తీశాడు. ఖాళీ గడిలో పెద్ద ఈరన్న అని రాశాడు. భార్య దగ్గర 'లేదు' అని రాశాడు. సంతానం దగ్గర కాసేపు ఆగి, 'మేమంతా' అని రాశాడు.