ఆవకాయ మంట

మా అత్తయ్య వాగ్దేవి గారు, మెదడులో నొప్పీ సుఖమూ ఎలా పుడతాయో జీవితమంతా పరిశోధించారు. ఇప్పుడు అందరి చెవుల వెనకా ఉంటున్న, నొప్పి తెలియనివ్వని బిళ్ళ ఆవిడ కనిపెట్టిందే.

పెళ్ళయ్యాక నేను పెట్టిన మొదటి ఆవకాయ! జాడీ తెరిచి, బిళ్ళ తీసేసి, ఒక ముద్ద తిని, కళ్ళనీళ్ళతో నవ్వేస్తున్నాను.

"ఏంటే ఆ సంబరం?"

"మంట అత్తయ్యా! ఎంత బాగుందో!"

కారం కూడా ఒక నొప్పేనట. బిళ్ళ ఉంటే నాలుకకి తెలియదు. అత్తయ్య చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది.

"వద్దండీ, మీ మోకాళ్ళ నొప్పులు!"

వినలేదు. బిళ్ళ తీసి ముద్ద తిన్నారు. మొహం ఎర్రబడింది. మోకాళ్ళు పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. నేను కంగారుగా బిళ్ళ అందించబోయాను.

"ఉండవే పిల్లా," అన్నారు ముక్కు తుడుచుకుంటూ. "ఇంకో ముద్ద కలుపు. నెయ్యి మాత్రం వెయ్యకు."