వెనక వరసలో గూఢచారి

“మీసం లేకపోతే మార్తాండ్ ఏటి భయ్యా? మీసాల హీరోయే చెయ్యాలి” అన్నాడు ముందు వరసలోంచి ఒకడు. ఇంకొకడు లేచి డ్యాన్సుల హీరో పేరెత్తాడు. హాలంతా గోలగోలయింది.

రుఆబాంధాలోని ఆ తెలుగు సంఘం హాల్లో, చివరి వరసలో కూర్చున్న రాజగోపాల్‌కి ఆ హీరోలిద్దరూ ఒకటే. తెర మీద గూఢచారి మార్తాండ్‌గా ఇన్నేళ్లూ వేసిన నటుడు ఇక వెయ్యనన్నాడట. ఆ వేషం ఇప్పుడెవరికివ్వాలన్నది ఈ కుర్రకారు తగువు. రాజగోపాల్ ఆ సినిమాల్లో ఒక్కటీ చూడలేదు. ఆయన చూపంతా ముందు నిలబడి అందరినీ అదుపు చేస్తున్న కౌండిన్య మీదే ఉంది.

కూతురు ఛాయకి అతని సంబంధం తెచ్చింది సూర్యావతి పిన్ని. కుర్రాడు ఇక్కడి స్టీలు ప్లాంటులో ఇంజనీరు. తల్లిదండ్రులు బొబ్బిలిలో ఉంటారు. ఏ ఫొటో చూపించినా పెదవి విరిచే ఛాయ, ఇతని ఫొటో చూసి, “ఎప్పుడొస్తారు నాన్నా?” అని అడిగింది. కూతురి నోట ఆ మాట విన్నాక రాజగోపాల్‌కి సంతోషం కన్నా భయమే ఎక్కువైంది. రైలు పట్టాల తనిఖీలో జుట్టు నెరిసిన మనిషాయన. నిగనిగలాడే పట్టాలోనే లోపల పగులుంటుందని ఆయన నమ్మకం. పెళ్లిచూపుల కన్నా ముందే, అవతలివాళ్లకి తెలియకుండా నాలుగు చోట్ల వాకబు చెయ్యడం వాళ్లింట్లో తాతల నాటి ఆచారం కూడాను.

కొడుకు రాత్రిళ్లు ఫోనెత్తడం లేదని తల్లి బెంగపడుతోందని పిన్ని నోరు జారింది. అమ్మదొంగా, దొరికావురా అనుకున్నాడు రాజగోపాల్. తీరా షిఫ్టు ఇన్‌ఛార్జిని కదిపితే, ఈమధ్య కుర్రాడికి వరసగా నైట్ షిఫ్టులు పడుతున్నాయనీ, అమ్మ దిగులు పెట్టుకుంటుందని ఇంట్లో చెప్పలేదనీ తేలింది. అడిగిన చోటల్లా మంచిమాటే. ఇక ఆదివారాలు ఎక్కడ గడుపుతాడో చూడటం ఒక్కటే మిగిలింది. నెహ్రూ నగర్ నుంచి స్కూటరు వేసుకుని వచ్చి చూస్తే, సినిమా పిచ్చి తప్ప వేరే పగులు కనబడలేదు. ఆ మాత్రం పిచ్చి ఏ వయసులో ఎవరికి లేదు? ఛాయ అదృష్టవంతురాలనుకుని లేవబోయాడు.

అప్పుడు పక్క కుర్చీలో మనిషి కంటబడ్డాడు.

తన ఈడువాడే. ఎండవేళ మెడకి మఫ్లరు, కాళ్ల దగ్గర సంచి. అందరూ నవ్వుతుంటే నవ్వడు, చప్పట్లు కొడుతుంటే కొట్టడు. ఆయన చూపు కూడా కౌండిన్య మీదే ఉంది. రాజగోపాల్ మళ్లీ కూర్చున్నాడు. ఈ పిల్లల మధ్య ఈ పెద్దమనిషికేం పని? ఆలోచిస్తే ఒక్కటే తోచింది. తను వచ్చిన పనే!

ఇంతలో టీలొచ్చాయి. కౌండిన్య స్వయంగా వచ్చి ఆ మఫ్లరు మనిషి చేతికి గ్లాసందించి వెళ్లాడు. రాజగోపాల్‌కి ఇంకెవడో ఇచ్చాడు. అప్పుడే కుర్రాణ్ణి మచ్చిక చేసేసుకున్నాడన్నమాట. రాజగోపాల్‌కి ఒళ్లు మండిపోయింది.

“మీకూ మార్తాండ్ అంటే ఇష్టమాండీ?” అని కదిపాడు.

“ఆడెవడో నాకు తెలీదండీ. ఊరికే వచ్చాను” అని ఆ మనిషి గొంతు తగ్గించాడు. “ముందున్నాడే, ఆ కుర్రోణ్ణి మీరెరుగుదురా? ఎలాంటోడేటి?”

ఇక అనుమానం లేదు. కొంగు బంగారం లాంటి సంబంధాన్ని ఎవడో గద్దలా తన్నుకుపోబోతున్నాడు. ఛాయ మొహం కళ్ల ముందు మెదిలింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. రెండు మూడాడితే తప్పేమిటి?

“నా పేరు పార్థసారథి. మాదీ, అతనిదీ ఒకే డిపార్టుమెంటు” అని మొదలుపెట్టాడు. డ్యూటీ దిగితే కుర్రాడు హథ్‌ఖోజ్ వైపు పోతాడన్నాడు. అక్కడ మందూ పేకాటా, ఇల్లు చేరేసరికి తెల్లారుతుందన్నాడు. “నా మాట నమ్మకండి. రాత్రిళ్లు ఫోను చేసి చూడండి, ఎత్తితే అడగండి.”

దెబ్బకి ఆ మనిషి మొహం పాలిపోయింది. చేతిలో టీ అలాగే చల్లారిపోతోంది.

ముందు కౌండిన్య తన వాదన చెబుతున్నాడు. మీసాలూ వద్దు, డ్యాన్సులూ వద్దు, ఎవరూ ఎరగని కొత్తవాడు కావాలట. “గూఢచారి అంటే పక్కనే కూర్చున్నా ఎవరో తెలియకూడదు” అన్నాడు. హాలంతా చప్పట్లు మోగాయి.

మఫ్లరు మనిషి టీ గ్లాసు కింద పెట్టేశాడు. “దేవుళ్లా కనబడ్డారు బాబూ. ఒక సంబంధం ఖాయం చేద్దామని ఇంత దూరం వచ్చాను. తెలిసి తెలిసి ఒక ఆడపిల్ల గొంతు కొయ్యలేను. ఇవాళే కబురు పెట్టి ఆపించేస్తాను.”

“మంచి పని చేస్తున్నారు” అన్నాడు రాజగోపాల్, గంభీరంగా. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి కాస్త జాలి వేసింది గానీ, మనసులో అప్పటికే ఛాయ పెళ్లికి షామియానా వేసేశాడు.

సభ ముగిసింది. కౌండిన్య నేరుగా చివరి వరసకే వస్తున్నాడు. రాజగోపాల్ కాలరు సవరించుకుని, కాబోయే అల్లుడి కోసం ఒక నవ్వు సిద్ధం చేసుకున్నాడు. కౌండిన్య ఆయన వైపు చూడనైనా చూడకుండా, వంగి మఫ్లరు మనిషి సంచి అందుకున్నాడు.

“రైలుకి టైమైంది, పద నాన్నా.”