పత్రిక మీది ఆడమనిషి

"ఈమె ఎవరక్కా?"

లోహిత పెండ్లిపత్రికను రేవతి ముందర పడేసింది. వెనకాలే వాళ్లమ్మ తాయమ్మ, ఆ వెనక నాయన మునిరామయ్య. రావడం రావడం పోట్లాటకే వచ్చినట్టుండారు ముగ్గురూ.

రేవతి చేతిలోని కుంచె కింద పెట్టింది. చేత్తో పెండ్లిపత్రికలు చేసేదే ఆమె పని. నగరి నేతగుడ్డను అట్టకు అంటించి, అంచు కుట్టి, నడిమధ్యన పెండ్లికొడుకు బొమ్మా పెండ్లికూతురు బొమ్మా గీసి ఇస్తుంది. తిరుపతిలో ఆమె పనికి పేరుండాది.

"పెండ్లికూతురు గదా పాపా."

"పెండ్లికూతురు నేను. నన్ను సూడు, దాన్ని సూడు."

రేవతి చూసింది. పత్రిక చేయమని చెప్పింది పెండ్లికొడుకు మునిచంద్ర. పిల్లను రేవతి చూడడం ఇదే మొదలు. పత్రికలో మునిచంద్ర పక్కనుండే మనిషి ఇంకెవరో. మామిడిపండు రంగు చీర, నెమలికంఠం అంచు, తలనిండా కనకాంబరాలు. ఒక చెయ్యి చనువుగా పిల్లోడి భుజం మీద ఉండాది.

"ఆయన పంపిన ఫోటో సూసే గీసినా పాపా. దీంట్లో నా మొగం బాగుండాదక్కా అన్నాడు. పక్కన నిలబడింది నువ్వే అనుకున్నా."

"అయితే ఫోటో కూడా దిగినాడన్నమాట."

"ఆయన్నే ఒకమాట అడిగితే..."

"యాడ అడిగేది? కొండమీద దర్శనం లైన్లో ఉండాడు. ఫోను లోపలికి తీసకపోనీరు గదా."

అదీ నిజమే. మొదటి పత్రిక ఏడుకొండలవాడికి. స్వామి చూడకముందు మనిషి కంట పడకూడదని వాళ్లింట్లో పట్టింపు. అందుకే పసుపుగుడ్డలో చుట్టింది చుట్టినట్టే ఎత్తుకుని కొండెక్కినాడు మునిచంద్ర. పోతాపోతా రెండోది, దాన్నీ విప్పకుండానే, అత్తగారింట్లో ఇచ్చిపోయినాడు. ఈ పరాయిదాని బొమ్మ ఈపాటికి స్వామి ముందర ఉంటుందేమో అనుకునేసరికి రేవతి కుంచె తీసి నీళ్లలో పెట్టింది, నీళ్లలోంచి తీసి గుడ్డమీద పెట్టింది.

మొగం చూసి మనిషిని పట్టుకుందామన్నా కుదిరే పని కాదు. పెండ్లికూతుర్ని గీసేటప్పుడు వయసు తగ్గించి, ముక్కు సన్నం చేసి, చెంపలు నున్నగా దిద్దడం రేవతికి అలవాటు. అట్ల చేయకపోతే ఏ పెండ్లికూతురూ ఒప్పుకోదు మరి. చీరను మాత్రం పోగుపోగూ చూసి గీస్తుంది.

తాయమ్మ పత్రికను కిటికీ కాడికి తీసకపోయి తిప్పి తిప్పి చూసింది.

"ఈ సీర నాది."

నెమలికంఠం అంచు మీద వేలు పెట్టింది.

"ఎండాకాలంలో బీరువాలోంచి పోయిందే, అదే ఇది. మా ఆడబిడ్డే ఎత్తకపోయిందని ఆమెతో మాటలే మానేస్తిని. ఈడు మనింట్లో కాఫీ తాగతానే నా సీర దోచి దీనికి కట్టబెట్టినాడు."

"గడ్డం మీద ఆ సొట్ట సూడుమా," అనింది లోహిత. "నాకున్నట్టే ఉండాది. నా మాదిరి మనిషినే ఎతుక్కున్నాడు."

మునిరామయ్య వాకిట్లోకి పోతాడు, లోపలికొస్తాడు. ఉక్కపోత అని ఎండాకాలంలో తీసేసిన మీసం ఇంకా ముందు మాదిరి గుబురుగా రాలేదు. దాన్నే గోక్కుంటా అన్నాడు, "పోనీండబ్బా. పిల్లోడు కొండ దిగినాక నిదానంగా అడుగుదాం."

తాయమ్మ గిర్రున తిరిగింది.

"నువ్వు మాట్లాడొద్దు. వచ్చిన సంబంధమల్లా ఎనక్కి పోతా ఉంటే ఏం చెప్తిని? పిల్లకు పెండ్లి కుదిరితే సీర కట్టి జాతర చేస్తానని గంగమ్మకు మొక్కుకో, ఊళ్లో మొగోళ్లందరూ కట్టేదే గదా అంటి. నేను ఆడేషం కట్టాల్నా అని ఇకిలిస్తివి. ఆ తల్లి కోపమే ఇది."

మునిరామయ్య మళ్లీ వాకిట్లోకి పోయినాడు.

"నాకీ పెండ్లి వద్దుమా," అనింది లోహిత. నిశ్చితార్థం ఉంగరాన్ని పట్టుకుని లాగతా ఉండాది. అది వేలి గెణుపు కాడ ఇరుక్కోని రావడంలా. ఏడుపు వస్తా ఉండాది, ఉంగరం రావడంలా.

"ఉండు పాపా, తొందరపడొద్దు." రేవతి ఫోను ఎత్తుకుని ఫోటోలు జరుపుతా పోయింది. "ఆ ఫోటో ఈడనే ఉండాది. దాంట్లో నేను దిద్దని మొగం ఉంటుంది గదా. ఎవరో తెలిసిపోతుంది."

మునిరామయ్య ఒక్క అంగలో లోపలికొచ్చి ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టినాడు.

"అది తీయొద్దమ్మా."

తాయమ్మ మొగుడి మొగంలోకి చూసింది. "అంటే అదెవరో నీకు తెలుసు."

"తెలుసు."

"ఎవరు?"

మునిరామయ్య కూతురి వేలు చూసినాడు. ఉంగరం గెణుపు దాటతా ఉండాది.

"నేనే. నాకు కుచ్చిళ్లు పెట్టుకోను రాకపోతే, జాతరనాడు అల్లుడే కట్టిపెట్టినాడు ఆ సీర."