గరిటె మోగితే

పొయ్యి, ఫ్రిజ్, చివరికి తలుపులూ మాట్లాడే కాలం వచ్చాక వకుళకు పెద్ద చిక్కొచ్చిపడింది. మందులు వేసుకుంటున్నా, ఎవరూ అనని మాటలు ఆమె చెవిన పడుతూనే ఉంటాయి. ఏది వస్తువు మాటో, ఏది జబ్బు మాటో తేలేదెలా? అందుకే అత్తాకోడళ్లు ఒప్పందం చేసుకున్నారు. వకుళ తనవైపు చూసినప్పుడు, ఆ మాట తనకూ వినిపించి ఉంటే అత్తగారు గరిటెతో గిన్నె మీద ఒకటి కొట్టాలి.

ఆ పొద్దున పులుసు కలుపుతుంటే, "ఉప్పెక్కువైంది. నీకేదీ చేతకాదు," అంది ఓ గొంతు. వకుళ కలపడం ఆపేసింది. బిక్కుబిక్కుమంటూ అత్తగారి వైపు చూసింది.

ఠంగుమని గిన్నె మోగింది.

"అది పొయ్యేనమ్మా! పొద్దుట్నుంచీ నన్నూ సాధిస్తోంది. ముందు దాని నోరు మూయించు."

వకుళ పకపకా నవ్వుతూ మీట నొక్కింది. ఇన్నేళ్లలో ఆమె ఆపమంటే ఆగిన గొంతు అదొక్కటే.