గీత బయట బంతి

స్కూళ్లలో ఆడపిల్లలకీ గ్రౌండు సమానంగా ఇవ్వాలని చట్టమొచ్చింది. మా అమ్మాయి స్కూలు క్రికెట్ టీములో చేరింది. కొత్త బూట్లు, వీపు మీద నంబరు! మ్యాచ్ చూస్తుంటే నాకు కడుపు మండిపోయింది, కన్నకూతురి మీదే. ఇదే బడిలో నా రోజుల్లో మగపిల్లలే ఆడేవాళ్లు. మేం ఆడపిల్లలం బౌండరీ గీత బయట నిలబడి, వచ్చిన బంతులు తిరిగి విసిరేవాళ్లం. అంతే మా ఆట.

ఇంతలో ఒక బంతి గీత దాటి నా కాళ్ల దగ్గరకొచ్చింది. పాత అలవాటు, తీసి విసిరాను. నేరుగా వెళ్లి వికెట్లు పడగొట్టింది.

"ఎవరావిడ? చూశారా, విసరడమంటే అదీ!" కోచ్ పిల్లల మీద అరిచాడు.

"మా అమ్మే లెండి," అంది మా అమ్మాయి, మూతి ముడుచుకుని.

ఆ మొహం ఇట్టే గుర్తుపట్టాను. పొద్దుట్నుంచీ నేను పెట్టుకున్నదే.